అందరికీ ఒకటే తాళంచెవి
తొమ్మిదో భాగం: స్తంభం చాటు చాయ్

భార్యకు వచ్చిన ఉత్తరం దొంగచాటుగా చదివిన మగవాడికి ఆ పూట నుంచి తిన్నది ఒంటికి పట్టదు. పోయిన వారం శివశంకర్‌ని మనం ఆ స్థితిలోనే వదిలిపెట్టాం. కొండాపూర్ చౌరస్తాలో రేణుకా నెట్ సెంటర్ నడిపే శివశంకర్, చెవిన పడ్డ ఒక మాట పట్టుకుని, సోమవారం మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డ వేళ చూసి, భార్య రోహిణి ఈమెయిల్‌లోకి దూరాడు. ఆ ఐడీ తానే తెరిచి ఇచ్చాడు, పాస్‌వర్డ్ తానే పెట్టాడు. అందువల్ల తలుపు తట్టే పని కూడా లేకపోయింది. లోపల ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఉత్తరం ఒకటి కనిపించింది.

"రోహిణీ, ఇంక దాచడం నా వల్ల కాదు. గురువారం పదకొండింటికి మూసాపేట చౌరస్తా ఇరానీ హోటల్‌కి రా. ఆయనకు తెలియనీకు. మధుసూదన్."

కొత్తగా వచ్చిన ఉత్తరాల పక్కన ఎర్రగా 'న్యూ' అనే గుర్తు ఉంటుంది. ఒకసారి తెరిస్తే ఆ గుర్తు పోతుంది. ఈ ఉత్తరం పక్కన గుర్తు లేదు. అంటే రోహిణి అప్పటికే చదివేసింది. చదివేసి, ఏమీ ఎరగనట్టు ఆ రాత్రి అతనికి గోంగూర పచ్చడి వడ్డించి, ఇంకొంచెం నెయ్యి వేసుకోమంది. ఉత్తరం కంటే ఆ నెయ్యే అతన్ని ఎక్కువ కాల్చింది.

గురువారం వచ్చింది. సికింద్రాబాద్ పోయి కీబోర్డులు తెస్తనని తల్లి నీలమ్మకు చెప్పి, కొట్టు తాళంచెవి తనతో పాటు కొట్టు చూసుకునే సాయిచంద్ చేతిలో పెట్టి, శివశంకర్ స్కూటర్ ఎక్కాడు. మూసాపేట దాకా సన్నగా తుంపర పడుతూనే ఉంది.

ఇరానీ హోటల్లో ఏ కుర్చీ మంచిదో అతను లోపలికి పోగానే కనిపెట్టాడు. బేరానికి కూర్చునేవాడు ముందు తలుపు ఎటుందో చూసుకోవాలి, ఎదుటివాడు ఎటునుంచి వస్తాడో తెలుసుకోవాలి, తాను మాత్రం చివర కనిపించాలి. మధ్యలో ఒక లావు స్తంభం ఉంది. దాని వెనక కూర్చుంటే గుమ్మం కనిపిస్తుంది, ఎడంపక్క ఆకుపచ్చ తెర వేసిన ఫ్యామిలీ రూమూ కనిపిస్తుంది. శివశంకర్ అక్కడ కూర్చుని ఒక ఉస్మానియా బిస్కెట్ తెప్పించుకున్నాడు. కొరకలేదు. దాన్ని బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ మధుసూదన్ గురించి ఆలోచించాడు.

ఈ మూడు రోజుల్లో అతను మధుసూదన్‌ని అరికాలు నుంచి తల దాకా తయారుచేసుకున్నాడు. మనిషి పొడుగ్గా ఉంటాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుంది. హైటెక్ సిటీ అద్దాల మేడ లేచిన దగ్గర్నుంచి అలాంటి కార్డులవాళ్ళు సాయంత్రమైతే అతని కొట్టుకు వస్తున్నారు. ఒక చేత్తో మౌసు కదుపుతూ రెండో చేత్తో జుట్టు సరిచేసుకుంటారు, "బాస్, నెట్ స్లోగా ఉంది" అంటారు. అతని తాతలు జొన్న వేసిన నేల మీద వాళ్ళ బైకులు నిలబడి ఉంటాయి. ఆ చేను అమ్మినందుకు అతనికి ఎప్పుడూ బాధ లేదు. మంచి ధర వచ్చింది, అమ్మాడు. బాధల్లా ఆ కార్డులవాళ్ళు తనని చూసే చూపులో ఉంది. కొట్టువాణ్ణి చూసినట్టు చూస్తారు. కొట్టువాడే, కాదనడు. కానీ రోహిణి కూడా తనని ఆ కార్డుల పక్కన పెట్టి తూచి ఉంటుందా? తూస్తే ఏ పళ్ళెం కిందికి దిగి ఉంటుంది?

అన్నిటికంటే ఎక్కువ మండినది ఇంకొకటి. మధుసూదన్ తప్పకుండా ప్రొద్దుటూరు వైపువాడే అయి ఉంటాడని అతని నమ్మకం. రోహిణి పుట్టింటివాళ్ళతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆమె గొంతే వేరు. "యాడికి పోతాండావు", "ఏం జేస్తాండావు" అంటూ గలగలా నవ్వుతుంది. తన దగ్గర ఆ నవ్వు రాదు. అత్తగారు నవ్వుతుందని ఆ మాటలు సగం మింగేసి మాట్లాడుతుంది. ఆ మింగేసిన మాటలన్నీ మధుసూదన్‌కి దక్కుతున్నాయి కాబోలు. పెళ్ళాం మాటలకు కూడా ఇంకొకడు వాటాదారు అయ్యాడన్న ఆలోచనకు బిస్కెట్ వేళ్ళ మధ్యే పొడైపోయింది.

పదకొండు కొట్టక ముందే ఆటో ఆగింది. రోహిణి దిగింది. వంకాయరంగు చీర. పోయిన బోనాలకు అతనే కొన్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు కట్టుకోమన్నా పండక్కి కడతానని బీరువాలో దాచిన చీర. గొడుగు దులిపి, అటూ ఇటూ చూడకుండా నేరుగా ఫ్యామిలీ రూములోకి పోయి కూర్చుంది. తెర సగం తెరిచే ఉంచింది. వెయిటర్ని పిలిచి రెండు చాయ్‌లు చెప్పింది.

రెండు.

శివశంకర్ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. తడిసిన గడ్డంతో ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. ఫైళ్ళు చంకన పెట్టుకున్న గుమాస్తా వచ్చాడు. ఒక ముసలాయన పాన్ నములుతూ వచ్చి నిన్నటి పేపర్ అడిగాడు. ఒక్కొక్కడినీ శివశంకర్ పైనుంచి కిందికి కొలిచాడు. ముసలాయన్ని కూడా ఒక క్షణం అనుమానించాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, అనుమానించిన మాట నిజం.

ఎవరూ తెర వైపు పోలేదు. రోహిణి ఒక చాయ్ నెమ్మదిగా తాగింది. రెండో గ్లాసు మీద పొగ సన్నబడింది, తర్వాత పోయింది. ఆమె తల తిప్పి వెయిటర్ని పిలిచి ఏదో చెప్పింది. వెయిటర్ ఆ గ్లాసు తీసుకుని, బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, స్తంభం వెనక శివశంకర్ ముందు పెట్టాడు.

"సాబ్, మేడమ్ పంపిండ్రు. సల్లగైతదంట, జల్ది తాగమంటున్నరు."

పట్టుబడ్డ దొంగకు రెండు దారులు ఉంటాయి. కాళ్ళు పట్టుకోవడం ఒకటి, గొంతు పెంచడం ఒకటి. శివశంకర్ రెండోది ఎంచుకున్నాడు. గ్లాసు అక్కడే వదిలి విసవిసా పోయి తెర లాగి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడి వాడు?"

"ఎవరు?"

"నాకు తెల్వదనుకుంటున్నవా? మధుసూదన్. వానికోసం చీర గూడ కట్టినవ్. నేను కొన్న చీర!"

"మీకోసమే కట్టినాను. వస్తే మీరే వస్తారనుకున్నాను" అంది రోహిణి. కళ్ళ కింద నిద్రలేని చార ఉంది కానీ గొంతు వణకలేదు. "చాయ్ అక్కడే వదిలేసినారే. నా చేత్తో చేసింది కాదులే, అనుమానం లేకుండా తాగొచ్చు."

"మాట మార్చకు. ఏడున్నడు?"

"ప్రొద్దుటూర్లో ఉన్నాడు. మా పెద్దింట్లో, నడవలో, గోడ మీద, దండ వేసిన పటంలో." అతను అర్థంకాక చూస్తుంటే ఆమే చెప్పింది. "మా జేజినాయన. మా నాయనకు నాయన. నేను పుట్టకముందే పోయినాడు. మధుసూదనయ్య. చివర 'అయ్య' తీసేస్తే కుర్రోడైపోయినాడు."

"అబద్ధం."

"మన పెళ్ళిపత్రికలో ఉండాది. 'కీర్తిశేషులు మధుసూదనయ్య గారి పౌత్రి' అని, నా పేరుకు పైనే. పక్కోళ్ళ ఉత్తరాలు చదివే ముందర సొంత పెళ్ళిపత్రిక ఒక్కసారి చదువుకోని ఉంటే ఇంత దూరం పెట్రోలు పోసుకోని వచ్చే పని ఉండేది కాదు."

మూడు రోజులుగా శివశంకర్ పెంచి పోషించిన మనిషి, మెడలో కార్డుతో సహా, ఒక్క ఊపున చచ్చిపోయాడు. కష్టపడి కూడబెట్టిన సరుకు చేతిలోనే బూడిదైనట్టు అనిపించింది. చిత్రమేమంటే, దిగులు తీరాల్సిన చోట అతనికి ఒక రకమైన కోపం వచ్చింది.

"అయితే ఆ ఉత్తరం ఎవలు రాసిండ్రు?"

"నేనే. ఆదివారం మా పిన్నమ్మ ఇంటికి పోతాననలేదా? దోవలో అమీర్‌పేటలో దిగి, వేరే నెట్ సెంటర్లో, ఆ పేరు మీద ఐడీ తెరిచి నాకు నేనే రాసుకున్నాను."

"గట్ల ఎందుకు చేస్తరు ఎవలన్నా?"

"నా ఉత్తరాలు ఎవరు చదువుతాండారో తెలుసుకోవాలని. ఈ హోటలు మాట ఆ ఉత్తరంలో తప్ప భూమ్మీద యాడా లేదు. ఈడికి వచ్చినోడే చదివినోడు. కన్నంలో ఎలక ఉండాదని తెలిసినాక, ఏ ఎలకో చూడాలంటే కొబ్బరిముక్క పెట్టాల కదా." ఆమె ఖాళీ గ్లాసు పక్కకు జరిపింది. "మీరు కాకూడదని మొక్కుకున్నాను. ఆటో దిగేటప్పుడు కూడా మొక్కుకున్నాను. బయట స్కూటర్ చూసినాను."

బయట లారీ ఒకటి పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఒక ఉత్తరం చదివితే ఏమైంది? మొగుణ్ణి గాదా?" అన్నాడు శివశంకర్. ఆ మాట తన చెవికే పుచ్చు గింజలా వినిపించింది.

"చదివినందుకు కాదు. ఊరంతా చెప్పినారే, అందుకు."

"ఏం చెప్పిన? ఎవలికి చెప్పిన?"

రోహిణి గొడుగు కొనతో నేల మీద నీటిని కాసేపు గీసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు ఉంది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. రెండు నెలల కింద ఆమె ఒక్కతే దవాఖానకు పోయింది. పెళ్ళై నాలుగేళ్ళు దాటుతోంది, కడుపు పండలేదు. అత్తగారు పండగ పండక్కీ ఏదో ఒక మొక్కు చెబుతూనే ఉంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, నీలో ఏ లోపమూ లేదమ్మా, మీ ఆయన్ని ఒకసారి తీసుకురా అంది. ఆ మాట శివశంకర్‌కి ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే అతను ఎంత చిన్నబోతాడో ఆమెకు తెలుసు. తల్లికి చెబితే ఏడుస్తుంది. అందుకని బెంగళూరులో ఉద్యోగం చేసే స్నేహితురాలు ప్రియాంకకు మెయిల్లో రాసింది. ఒక్క ప్రియాంకకే.

"ఆ వారం తిరక్కముందే మన వీధి భాగ్యమ్మ కూరగాయల బండి దగ్గర నన్ను నిలబెట్టి ఏమడిగిందో తెలుసా? 'ఏం బిడ్డా, మీ ఆయన దవాఖానకు రానంటుండా?' అని. అందరి ముందర. టమాటాలు ఏరుకుంటా అడిగింది."

శివశంకర్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. మంగలి దుకాణంలో తాను అడుగుపెట్టగానే ఆగిపోయిన మాటలు. మేనమామ కొడుకు పెళ్ళిలో ఒక చుట్టం భుజం మీద చెయ్యి వేసి "పెయి మంచిగుందా అన్నా" అని ఒంటి సంగతి అడిగిన తీరు. చౌరస్తాలో పాన్ డబ్బావాడి చిన్న నవ్వు. కొండాపూర్ అంతటికీ తెలిసిన సంగతి ఒక్క కొండాపూర్ శివశంకర్‌కే తెలియదు. ఇన్నాళ్ళూ తానొక్కడే చొక్కా లేకుండా బజార్లో తిరిగినట్టు అనిపించింది.

"నాకు ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"ఇట్లా చూస్తారనే."

అతను ముఖం తిప్పుకున్నాడు. ఫ్యామిలీ రూము కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. తుంపరలో బొంబాయి రోడ్డు నల్లగా మెరుస్తోంది.

"రోహిణీ, నా తల్లి మీద ఒట్టు. నేను నీ మెయిల్ తెరిచింది ఒక్కసారే. మొన్న సోమవారం. గా దవాఖాన ముచ్చట నాకు ఇప్పుడే, నీ నోటెంట విన్న. చదివిన ముచ్చటే అయితే నా మగతనం మీద నేనే ఊరంత దండోరా వేయించుకుంటనా?"

ఆ లెక్క రోహిణికి నచ్చింది. నమ్మకం కలిగించే మాటలు ప్రేమ మాటలు కాకపోయినా ఫర్వాలేదు, లెక్కకు నిలబడితే చాలు. ఆమె మొదటిసారి అతని ముఖంలోకి నేరుగా చూసింది.

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. గా మధుసూదన్ ఉత్తరమొక్కటే చదివిన. అప్పటికే నువ్వు చదివేసినవ్ గదా, పక్కన 'న్యూ' అని గుర్తు గూడ లేకుండె. చదివి గూడ ఏం ఎరగనట్టు నాకు నెయ్యి పోసినవని నాకు గంత మండింది."

రోహిణి చెయ్యి గ్లాసు మీద ఆగిపోయింది.

"ఏమన్నారు? గుర్తు లేదా?"

"లేదు."

"బాగా చూసినారా?"

"మూడు రోజుల నుంచి గదొక్కటే తలకాయల తిరుగుతుంది. లేదు."

"నేను ఆ ఉత్తరం తెరవనే లేదు" అంది రోహిణి. "ఆదివారం పంపినాను. ఎవరు తెరుస్తారో చూద్దామని ముట్టుకోకుండా వదిలేసినాను. సోమవారం సాయంత్రం చూస్తే గుర్తు పోయింది. మీరే అనుకున్నాను. మీరు తెరిచేసరికే లేదంటే..."

వాక్యం పూర్తిచేయాల్సిన పని లేదు. కన్నంలో ఎలకలు రెండు. ఒకటి పట్టుబడింది. మొదటిది ఇంకా లోపలే ఉంది.

"నీ పాస్‌వర్డ్ ఇంకెవలకు తెలుసు?" అన్నాడు శివశంకర్. అని, అడిగిన నోటినే కొట్టుకోవాలనిపించింది.

రోహిణి నవ్వింది. నవ్వులో తీపి లేదు. "ఎవరికి తెలీదో చెప్పండి. మన కొట్టు బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉండాది కదా, బస్సులో పోయేవాళ్ళకు కూడా కనపడేటట్టు."

ఆ సంగతి రేణుకా నెట్ సెంటర్ గిరాకీలందరికీ తెలిసిందే. మెయిల్ ఐడీ తెరిపించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ శివశంకర్ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేవాడు: రేణుక. జనం మరిచిపోతారు, మరిచిపోయినవాడు ఇంకో కొట్టుకు పోయి ఇంకో ఐడీ తెరుస్తాడు, గిరాకీ పోతుంది. అందరికీ ఒకటే అయితే ఎవరొచ్చి అడిగినా చటుక్కున చెప్పొచ్చు. "ఇంటికి పోయి మార్చుకోండ్రి" అని మాత్రం చెప్పేవాడు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు అతని కొట్టుకెందుకు వస్తాడు? ఒక్కరూ మార్చుకోలేదు. ఆ ఉపాయం తట్టిన రోజు తన వ్యాపారబుద్ధికి తానే మురిసిపోయాడు. రోహిణి అప్పుడే అడ్డుచెప్పింది. "వీధిలో ఇళ్ళన్నిటికీ ఒకటే తాళంచెవి చేయిస్తాండారు" అంది. అతను వినలేదు. "తాళం మనదే, చెవి మనదే, ఫికర్ ఎందుకు" అన్నాడు.

"తెలిసినాక నువ్వన్న ఎందుకు మార్చుకోలే?"

"మార్చుకుంటే దొంగ ఇంకో ఇంటికి పోతాడు. నా తలుపు ఒక్కటే గట్టిదై ఏం లాభం? దుబాయిలో మొగుడున్న కమలమ్మ లేదా? ఊరికి ఎప్పుడు పోతాది, ఎప్పుడు వస్తాది, అన్నీ ఆయనకు మెయిల్లోనే రాయిస్తాది. పోయిన నెల ఆమె ఊరికి పోయినప్పుడే ఇంటి తాళం పగిలింది. ఆ రోజే ఎందుకు పగిలిందని ఎవరన్నా ఆలోచించినారా? హాస్టల్ పిల్లలు అమ్మానాయనలకు రాసుకునేవి, మొగపిల్లోళ్ళకు రాసుకునేవి, అన్నీ ఎవరో ఒకరు కూర్చోని తీరిగ్గా చదువుతాండారు. మన కుర్చీలో కూర్చోని. మన కరెంటుతో."

చివరి మాటకు శివశంకర్ ఉలిక్కిపడ్డాడు. మన కుర్చీలో.

"మీరు అసలు ఆ రోజే ఎందుకు తెరిచినారు?" అంది రోహిణి. "ఇన్నాళ్ళలో ఎన్నడూ తెరవనోళ్ళు, ఆ సోమవారమే ఎందుకు? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

అన్నారు. ఆ మాట అన్న గొంతు ఇప్పుడు అతని చెవిలో మళ్ళీ పలికింది. ఎంత మెత్తగా పలికిందో, ఎంత బాధపడుతున్నట్టు పలికిందో కూడా. 'అన్నా, తప్పుగ అనుకోకు. వదిన ఈ నడుమ స్క్రీన్ ముందల కూసొని ఒక్కతే నవ్వుకుంటుంది. నాకెందుకులే అనుకున్న. నువ్వు జర ఒక్కసారి చూస్కోరాదే.'

"సాయి" అన్నాడు శివశంకర్.

నెట్ సెంటర్ పెడదామన్న ఆలోచన సాయిచంద్‌ది. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చింది అతనే, మోడెం బిగించింది అతనే, శివశంకర్‌కి మౌసు పట్టుకోవడం నేర్పిందీ అతనే. పెట్టుబడి మాత్రం శివశంకర్ చేను అమ్మి తెచ్చాడు. అందుకని గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీ శివశంకర్‌ది. సాయిచంద్‌కి పక్కన స్టూలు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. మూడేళ్ళుగా సాయిచంద్ దాని కింద కాగితం మడిచి పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. కార్డులవాళ్ళ మెడల వైపు చూసి చూసి కుళ్ళుకున్న శివశంకర్‌కి, పక్క స్టూలు మీదినుంచి తన కుర్చీ వైపు చూసే చూపు ఒక్కనాడూ కనిపించలేదు. ఇంకొకడి పళ్ళెంలోకి చూస్తూ తినేవాడికి తన పళ్ళెంలో చెయ్యి పెట్టినవాడు ఎలా కనిపిస్తాడు?

"లేదు" అన్నాడు మళ్ళీ తనే. "సాయి గట్లటోడు కాదు. చిన్నప్పటి సోపతి. మా అమ్మ చేతి బువ్వ తిని పెరిగిండు."

"నేను ఆయన పేరు చెప్పలేదు. మీరే చెప్పినారు" అంది రోహిణి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఉన్నట్టుండి వెనక్కి జరిగింది. "అటు చూడండి."

రోడ్డు అవతల హీరో హోండా ఒకటి ఆగింది. నడుపుతున్న మనిషి రెయిన్ కోటు టోపీ వెనక్కి తోశాడు. సాయిచంద్. ఈ వేళప్పుడు కొండాపూర్‌లో కొట్టు తెరిచి కూర్చోవాల్సిన సాయిచంద్. వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులతో బండిని గట్టిగా పట్టుకున్న ముసలామె మెల్లగా కిందికి దిగింది.

నీలమ్మ. అతని తల్లి.

"మీ అమ్మ ఈడికి ఎందుకొచ్చింది?" రోహిణి గొంతు గుసగుసగా మారిపోయింది. చేతిలో గొడుగు కింద పడింది. దొంగను పట్టుకోవడానికి ఆమె వేసిన వల అది. ఆ వలలో తాను ఉండగా అత్తగారిని తెచ్చి నిలబెడతారన్నది ఆమె లెక్కలో లేదు. శివశంకర్ సికింద్రాబాద్ పోయాడనే ఇంట్లో అందరికీ తెలుసు. తెర లాగి చూస్తే కోడలు ఒక్కతే ఉండాలి, లేదా పరాయి మగవాడితో ఉండాలి. ఏది కనిపించినా నీలమ్మ ఆ గడపలోకి కోడల్ని మళ్ళీ రానీయదు. "మీరు రాకపోయి ఉంటే..." అని మాత్రం అనగలిగింది.

శివశంకర్ తెర పూర్తిగా మూశాడు. వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

చెప్పుల చప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కౌంటర్ దగ్గర ఆగింది. సాయిచంద్ గొంతు తెరలోంచి స్పష్టంగా వినిపించింది.

"భాయ్, ఈడ మధుసూదన్ అనేటాయన వచ్చిండా? ఒక ఆడామె కోసం?"

తెర వెనక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గోడ మీద దండ వేసిన పటంలో ఉండే మనిషి ఈ హోటలుకు వస్తాడని లోకంలో తెలిసింది రాసిన ఆమెకు, చదివిన మొగుడికి. మూడోవాడు ఎవరో వాడి నోరే చెప్పింది.

"మెల్లగ మాట్లాడు సాయీ" అంటోంది నీలమ్మ, ఆయాసపడుతూ. "నలుగురి నడుమ ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ ఎప్పుడో పోయింది అమ్మా. నేను చెప్తే నమ్మకపోతివి. దవాఖాన ముచ్చట చెప్పినప్పుడు గూడ నమ్మకపోతివి. గిప్పుడు నీ కండ్లతోటి నువ్వే చూడు. అన్న మంచోడు గాబట్టి మోసపోయిండు."

అన్న మంచోడు. శివశంకర్ లేచి నిలబడ్డాడు. రోహిణి అతని మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, తర్వాత తనే వదిలేసింది. అతను తెర తియ్యలేదు. లోపలినుంచే, బేరం ఖాయం చేసుకునేవాడిలా, తొందర లేకుండా పిలిచాడు.

"వచ్చిండు సాయీ. మధుసూదన్ ఈడనే ఉన్నడు. లోపలికి రా."

బయట ఒక అడుగు పడింది. ఇంకో అడుగు పడింది. తెర పక్కకు జరిగింది. జరిపిన చేతికి ఆకుపచ్చ గాజులు ఉన్నాయి.

నీలమ్మ కొడుకును చూసింది, కోడల్ని చూసింది, బల్ల మీద ఖాళీ గ్లాసును చూసింది. "గిదేంది కొడుకా? నువ్వు సికింద్రాబాద్ పోలేదా? మరి గా మధుసూదన్ ఎవడు?"

"కూసో అమ్మా, చెప్త" అన్నాడు శివశంకర్. అంటూ ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు.

వెనక ఎవరూ లేరు. రోడ్డు మీద హీరో హోండాను ఎవరో తన్నుతున్నారు. మొదటి తన్నుకు అందుకోలేదు. రెండో తన్నుకు అందుకుంది. శివశంకర్ గుమ్మం దాకా పరుగెత్తేసరికి ఎర్రదీపం లారీల మధ్యకు దూరిపోయింది. కొండాపూర్ వైపు.

రోహిణి అతని వెనకే వచ్చింది. తుంపరలో చీర తడుస్తున్నా పట్టించుకోలేదు.

"ఆయన ఇంటికి పోడు. కొట్టుకే పోతాడు" అంది. "మనకంటే ముందు పోయి, అందరి పాస్‌వర్డ్‌లూ తనకు నచ్చినట్టు మార్చేసుకుంటే? కమలమ్మది, హాస్టల్ పిల్లలవి, నాది, అన్నీ. అప్పుడు తాళమూ ఆయనదే, చెవీ ఆయనదే." అని ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "షట్టర్ తాళంచెవి మీ దగ్గరే ఉండాది కదా?"

పొద్దున దాన్ని ఎవరి చేతిలో పెట్టాడో బాగా తెలిసి కూడా, శివశంకర్ చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి పోయింది.